మంచులో కొట్టిన రంగు

"ముందు భాగం రంగు భలే కుదిరిందండీ, ఫిన్నీగారూ. అద్దంలా ఉంది" అన్నాను.

లాకప్‌లో గోడకి చేరగిలబడి కూర్చున్న మనిషి చటుక్కున తలెత్తాడు. రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదని కానిస్టేబుల్ చెప్పాడు. అలాంటివాడు ఊచల దాకా లేచి వచ్చాడు.

"ఎక్కడ కుదిరిందండీ! మబ్బు పట్టేసింది కదా. బానెట్ మీదా, రెండు మడ్‌గార్డుల మీదా తెల్లగా పొగ చూరినట్టు! మీరు సరిగ్గా చూసినట్టు లేరు. అదంతా నీళ్ళు చల్లి గరుకు కాగితం పెట్టి రుద్ది మళ్ళీ కొట్టాల్సిందేనండి."

"చూశాను లెండి. వచ్చే దారిలో మీ ఇంటికెళ్ళి చూసే వచ్చాను. ఇంతకీ ఆ రంగు ఎప్పుడు కొట్టానన్నారు?"

"శనివారమండి. మధ్యాహ్నం."

"రంగులో చెమ్మ పడితేనే కదా మబ్బు పట్టేది? శనివారం మధ్యాహ్నం ఎండ చుర్రుమనిపించింది. అంత ఎండలో మంచు ఎక్కడిదండీ? పైగా శనివారం పొద్దుణ్ణుంచీ అర్ధరాత్రి దాకా మీ పేటలో కరెంటే లేదు. స్ప్రే కంప్రెసర్ దేంతో తిప్పారు, చేత్తోనా?"

ఆయన ఊచలు వదిలేసి ఓ అడుగు వెనక్కి వేశాడు.

నాకు ఓపిక తక్కువ. ఆ రోజు అది ఇంకా తక్కువగా ఉంది. సోమవారం, పదకొండు దాటిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఫిన్నీని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్ణుంచి జైలే. పొద్దున వాళ్ళావిడ హెలెన్ నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కాదనలేక ఒప్పుకున్నాను. అప్పట్నుంచీ నేను కుదురుగా కూర్చుంది లేదు. డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టకముందు మోటారు ఇన్సూరెన్సు సర్వేయర్‌గా చేశాను. సొట్టపడ్డ బండ్లూ, వాటి మీద కథలల్లే యజమానులూ నాకు కొత్త కాదు. కానీ ఈయన అల్లిన కథ మాత్రం ఆయన మెడకే ఉచ్చు బిగిస్తోంది. అదే అర్థం కాలేదు.

కేసు చెప్పుకోడానికి చిన్నదే. ఆదివారం తెల్లవారుజామున, ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు మీద, చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని బజారుకి నడిచి వెళ్తున్న వీరదుర్గ అనే ఆవిణ్ణి ఏదో బండి గుద్దేసి పోయింది. మంచు దట్టంగా ఉంది. ఆవిడ స్పృహ లేకుండా నర్సింగ్ హోమ్‌లో ఉంది. గుద్దింది ఆకుపచ్చ మిలిటరీ లారీ అని చూసినవాడు ఒక్కడే చెప్పాడు. ఈ చుట్టుపక్కల మిలిటరీ లారీ ఉన్నది ఒక్క ఫిన్నీ పెరట్లోనే. పైగా దాని ఎడమ మడ్‌గార్డుకి, సొట్టలూ గుంటలూ పూడ్చే లప్పం కొత్తగా పెట్టి ఉంది. దాని మీద కొత్త రంగు. సొట్ట పూడ్చి సాక్ష్యం మాపేశాడన్నారు పోలీసులు. పాత లారీకి ఇంట్లో బాడీ పని చేసుకునేవాడు రోజూ పూడ్చేది సొట్టలేనన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

ఫిన్నీ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. తండ్రి మిలిటరీలో శక్తిమాన్ లారీ నడిపి రిటైరైనవాడు. ఆయన పోయాక, వేలంలో తుక్కు కింద అమ్మేసిన అలాంటి లారీనే కొని పెరట్లో పెట్టుకుని, రెండేళ్ళుగా తుప్పు గీకుతున్నాడు. ఈ క్రిస్మస్‌కి కేరల్స్ పాడేవాళ్ళని దాంట్లో ఎక్కించి ఊరంతా తిప్పాలని ఆయన కోరిక. ఆ ఊరేగింపు నిన్న సాయంత్రం మొదలవ్వాల్సింది. దానికి బదులు పోలీసు జీపొచ్చింది.

"ఆదివారం ఆరున్నరకి ఎక్కడున్నారు?" మళ్ళీ అడిగాను.

"చర్చిలోనండి. వెనక బెంచీలో..."

"వెనక బెంచీలో మీరు లేరని పాస్టరుగారు పోలీసులకి చెప్పేశారు. మీ ఆవిడ క్వయర్‌లో జనం వైపు తిరిగి పాడుతోంది. మీరు ఉన్నారా అని ఆవిణ్ణి అడిగితే మాట్లాడదు, ఏడుస్తుంది. ఇంకెవర్ని అడగమంటారు?"

ఫిన్నీ ఓసారి కానిస్టేబుల్ వైపు చూశాడు. తర్వాత ఊచల మధ్యకి మొహం తెచ్చి, ఎవరైనా వింటే పరువు పోతుందన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఇంట్లోనే ఉన్నానండి. స్ప్రే కొడుతున్నాను. ఐదున్నరకి మొదలెట్టాను, ఏడింటికి అయింది."

"కంప్రెసర్ మోత ఎవరూ వినలేదా?"

"పేటంతా చర్చిలోనే ఉందండి."

"ఆ ముక్క నిన్న రాత్రే చెప్పకుండా శనివారమనీ, వెనక బెంచీ అనీ ఈ కోతలన్నీ దేనికండీ మహానుభావా!"

"ఆదివారం కదండీ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అది నా మొహంలో కనబడినట్టుంది.

"కిందటి నెల్లో వానొచ్చేలా ఉందని మా సంఘంలో ఒకాయన, పని చెయ్యకూడని ఆదివారం పూట చేను కోయించాడండి. ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి క్షమాపణ చెప్పించింది నేనే. పెళ్ళాం పిల్లలు చూస్తుండగా చెప్పాడు పాపం. ఇప్పుడు నేను, అదీ ఆరాధన జరుగుతుండగా, స్ప్రే గన్ పట్టుకుని... సాయంత్రానికి లారీ సిద్ధం కావాలి, శనివారమంతా కరెంటు లేదు. ఏం చెయ్యమంటారు?"

"దానికోసం జైలుకెళ్తారా?"

"జైలుకెళ్తే అన్యాయంగా వెళ్ళాడంటారండి. ఇది తెలిస్తే న్యాయంగానే ఉమ్మేస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట పట్టుకుని ఓ మనిషి రాత్రంతా నేల మీద కూర్చున్నాడు! ఆ వెంటనే జాలీ వేసింది. ఆయన ఇంకా నన్ను చూడటంలేదు, రంగు అంటిన తన గోళ్ళకేసి చూసుకుంటున్నాడు. "హెలెన్‌కి చెప్పకండేం?" అన్నాడు.

"ఏంటి మేడమ్, ప్రార్థన అయిందా?" అని వెనక నుంచి వినబడింది.

సి.ఐ. ఉదయ్‌కుమార్. లంచం ముట్టడు, అబద్ధపు కేసు పెట్టడు. అతనితో వచ్చిన చిక్కల్లా తాను పొరబడనని గట్టిగా నమ్మడమే. సర్వేయర్‌గా ఉన్న రోజుల్లో నా రిపోర్టుల వల్ల అతని కేసులు రెండు కోర్టులో తేలిపోయాయి. అది అతను మర్చిపోలేదు, నేనూ మర్చిపోనివ్వలేదు.

విషయం చెప్పాను. వినేసి నవ్వాడు.

"మంచు ఎనిమిదింటి దాకా విడలేదు మేడమ్. ఆరున్నరకి గుద్దాడు. పది నిమిషాల్లో ఇంటికొచ్చి లప్పం పెట్టి రంగు కొట్టాడు. మంచులో కొట్టాడు కాబట్టి మబ్బు పట్టింది. నా కేసు ఇంకా గట్టిపడింది. చాలా థాంక్స్."

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. అందుకే నాకు ఇంకా మంటగా ఉంది.

"ఆ లప్పం కింద సొట్ట ఉందని మీరు చూశారా?"

"లేకపోతే లప్పం ఎందుకు?"

"పదండి, మీ ముందే గీకుతాను. సొట్ట ఉంటే ఈ కేసులో మళ్ళీ నోరెత్తను. ఆ రంగు పెచ్చు కూడా తీసుకురండి, బేసిన్‌కి అంటుకుందని పేపర్లో వేయించారు కదా."

నోరెత్తనన్న మాట అతనికి బాగా నచ్చినట్టుంది. జీపు తీయమన్నాడు.

దారిలో అడిగాను. "ఆరున్నర అని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"వీరదుర్గ తన మొగుడు అబ్బులుతో ఫోన్లో మాట్లాడుతుండగానే దెబ్బ తగిలింది. ఫోన్లో టైముంది."

"నర్సింగ్ హోమ్‌లో చేర్చింది ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

"అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల దారి!"

"మంచు, మేడమ్. పైగా రోడ్డు పొడుగునా ధాన్యం కుప్పలు. పాపం ఒంటరిగా వ్యానులో ఎక్కించుకుని తీసుకొచ్చాడు చినబాబు. ఆ కుర్రాడే లేకపోతే ఆవిడ అక్కడే పోయేది. నిన్నట్నుంచీ ఆవిడ మంచం దగ్గరే ఉన్నాడు, మందులూ వాడే తెస్తున్నాడు."

చినబాబు అంటే హెలెన్ సొంత తమ్ముడు. స్కూలు పిల్లల వ్యాను నడుపుతాడు. లారీని చూశానని చెప్పిన ఒక్కగానొక్క సాక్షి కూడా అతనే.

"సొంత బావ మీద ఎవడైనా అబద్ధం చెబుతాడా? పేరు కూడా వాడు చెప్పలేదు, మిలిటరీ లారీ అని మాత్రం అన్నాడు. మేం పేరడిగితే భోరుమన్నాడు" అన్నాడు సి.ఐ.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారన్నమాట."

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఫిన్నీ ఇంటి ముందు జీపు ఆగగానే దిగి ముందు నడిచాడు.

పెరట్లో రేకుల పాక కింద నిలబడి ఉంది లారీ. వెనక బాడీ నిగనిగలాడుతోంది. ముందు భాగం మాత్రం ఊపిరి తగిలిన కళ్ళజోడులా ఉంది. హెలెన్ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. రమ్మన్నా రాలేదు.

బ్యాగులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి ఎడమ మడ్‌గార్డు మీద పెట్టాను. పట్టుకుంది. జరుపుకుంటూ వచ్చాను. ముందు అంచు దగ్గర అరచెయ్యంత మేర పట్టు వదిలేసింది.

"అదిగో, లప్పం అక్కడే!" అన్నాడు సి.ఐ.

"అక్కడే." ఉలిలాంటి బద్ద తీసి గీకడం మొదలెట్టాను. పెచ్చులుగా ఊడింది. కింద కనబడింది సొట్ట కాదు. తుప్పు తినేసి చిల్లులు పడ్డ చోట కోసేసి, కొత్త రేకు ముక్క పెట్టి, చుట్టూ వెల్డింగ్ చేసి ఉంది. రేకు పలక లాగా చదునుగా ఉంది. వెల్డింగ్ గీత మీద, తుప్పు పట్టకుండా రంగు కింద వేసే రెడ్ ఆక్సైడ్ పూత గట్టిగా ఆరిపోయి ఉంది.

"మనిషిని గుద్దితే లోపలికి పోవాలి. ఇది పోయిందా? చెయ్యి పెట్టి చూడండి. ఆదివారం పొద్దున మంచు విడేలోగా రేకు కోసి వెల్డింగ్ చేసి రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆరబెట్టాడంటారా?"

సి.ఐ. చెయ్యి పెట్టి చూశాడు. ఇటు నుంచి తడిమాడు, చక్రం పక్కనుంచి దూరి అటు నుంచీ తడిమాడు. మొహం మాడ్చుకుని లేచాడు.

"సరే, సొట్ట పడకుండానే గుద్ది ఉండొచ్చు. దీనికేమంటారు?" జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. చేపల బేసిన్ అంచుకి అతుక్కున్న రంగు పెచ్చు. గోరంత ఉంది.

దాన్ని లారీ వెనక బాడీ మీద పెట్టి ఎండలో చూశాను. అదే ఆకుపచ్చ. వీసమెత్తు తేడా లేదు. సి.ఐ. మీసం మీద చెయ్యి వేశాడు.

భూతద్దం తీశాను. ఒకసారి చూసి నమ్మక మళ్ళీ చూశాను.

"ఈ లారీని మీకిష్టమొచ్చిన చోట మీరే గీకండి, సి.ఐ. గారూ."

"దేనికి?"

"గీకండి, చెబుతాను."

తాళం చెవితో బానెట్ మీద గీకాడు. తలుపు మీద గీకాడు. బంపరు కింద గీకాడు. అన్నిచోట్లా ఆకుపచ్చ, కింద రెడ్ ఆక్సైడ్, దాని కింద తెల్లటి ఇనుము. ఫిన్నీ రెండేళ్ళు కూర్చుని గీకింది అదే మరి, పాత రంగు చుక్క కూడా మిగల్చలేదు. ఆ గీతలు చూస్తే లాకప్‌లో మనిషి ప్రాణం ఎంత ఉసూరుమంటుందో అనుకున్నాను.

"ఇప్పుడు మీ పెచ్చు అంచు చూడండి" అని భూతద్దం అతని చేతిలో పెట్టాను. "పైన ఆకుపచ్చ, కింద ఏముంది?"

చాలాసేపు చూశాడు. "పసుపు" అన్నాడు మెల్లిగా.

"రెడ్ ఆక్సైడ్ లేదు. పసుపు రంగు మీద గీకకుండా, రుద్దకుండా నేరుగా పూసేశారు. అందుకే దెబ్బ తగలగానే పెచ్చూడింది. పైన గీతలున్నాయి చూశారా? అవి బ్రష్ గీతలు. ఫిన్నీ బ్రష్ ముట్టడు, స్ప్రేనే."

"మరి రంగు ఒకటే ఎలా అయింది?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. గుమ్మం వైపు తిరిగాను. హెలెన్ అక్కడ లేదు. లోపలికెళ్తే వంటింట్లో ఆరిపోయిన పొయ్యి ముందు నిలబడి ఉంది.

"హెలెన్‌గారూ, ఈ రంగు ఏ కొట్లో కొన్నారు?"

"కొనలేదండి. ఆయనే కలుపుకున్నారు. మా మావయ్యగారి మిలిటరీ పెట్టె రంగు రావాలని ఎన్నిసార్లు కలిపారో. ఎవరికీ చెంచాడు కూడా ఇవ్వరు."

"ఆయన ఇవ్వరు. మీరు ఎవరికిచ్చారు?"

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటామే, అది ఓ మనిషి మొహంలో అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. నాకు తొందరగా ఉంది, అయినా ఆవిణ్ణి కసరలేకపోయాను.

"సాయంత్రం నాలుగింటికి మీ ఆయన్ని జైలుకి పంపుతారమ్మా" అన్నాను.

"వెనక బాడీకి కొట్టగా కొంచెం మిగిలిందండి. పోయిన వారం తమ్ముడు అడిగాడు. కేరల్స్‌కి లారీ వెనకాలే నా వ్యానూ వస్తుంది కదక్కా, వ్యాను ముందున్న ఇనప గార్డుకి ఆ రంగు పూసుకుంటే జతగా ఉంటుందన్నాడు. బావకి చెప్పొద్దన్నాడు. డబ్బాతో ఇచ్చేశాను." ఆవిడ సి.ఐ. వైపు తిరిగింది. "వాడు చెడ్డవాడు కాదండి. రాత్రి నుంచీ అదే అనుకుంటున్నాను, వాడు చెడ్డవాడు కాదు."

"చినబాబు వ్యానుకి గార్డు లేదే" అన్నాడు సి.ఐ. "పసుపు వ్యాను. ముందు ఏమీ లేదు. నేను నిన్న..." అని ఆగిపోయాడు. "బోల్టులు మాత్రం బయటికి పొడుచుకుని ఉన్నాయి. కొత్తగా తిప్పినట్టు మెరుస్తున్నాయి."

"శనివారం రాత్రి దాకా ఉందండి గార్డు. వాకిట్లో బండి పెడితే దానికే నేను తువ్వాలు ఆరేశాను" అంది హెలెన్.

ఇరవై నిమిషాల దారికి గంటన్నర ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. వెనక సీట్లో ఆ మనిషి నెత్తురోడుతూ పడుంటే, చినబాబు కాలవ గట్టున బండాపి, స్పానరు పట్టుకుని గార్డు బోల్టులు విప్పుతూ కూర్చున్నాడు. విప్పి కాలవలో పడేసి, ఆ తర్వాత తీసుకెళ్ళాడు. భయపడి చేశాడనే అనుకుందాం. నిజంగా మంచివాడైతే ఇలా చెయ్యడు, పూర్తిగా చెడ్డవాడైతే ఆవిణ్ణి గట్టునే వదిలేసేవాడు. ఈ మధ్యరకం వాళ్ళు తర్వాత ఏం చేస్తారో మనకే కాదు, వాళ్ళకీ తెలియదు.

"నిన్నట్నుంచీ ఆవిడ మంచం పక్కనే ఉన్నాడన్నారు. కాపలాకి మీవాళ్ళెవరున్నారు అక్కడ?" అన్నాను.

సి.ఐ. చటుక్కున ఫోన్ తీశాడు. దొంగ దొరికేశాడని కానిస్టేబుల్‌ని పొద్దున్నే వెనక్కి పిలిపించేశాడని ఆ మొహమే చెప్పింది. అప్పటికే నర్సింగ్ హోమ్‌కి ఫోన్ కలుపుతున్నాడు. స్పీకర్ పెట్టాడు.

"వీరదుర్గగారాండీ? ఆవిడకి ఇందాకే తెలివొచ్చిందండి" అంది సిస్టరు సంతోషంగా. "తల దెబ్బ కదా, కాకినాడ తీసుకెళ్ళి స్కానింగ్ చేయించమన్నారు డాక్టరుగారు. అంబులెన్సు రావడం లేటవుతుందని ఆ అబ్బాయే తన వ్యానులో ఎక్కించుకున్నాడు. బయల్దేరి పావుగంటైంది."

"వాళ్ళాయన?"

"బట్టలు తెస్తానని ఇంటికెళ్ళాడండి. దారిలో ఎక్కించుకుంటానన్నాడు ఆ అబ్బాయి."

సి.ఐ. ఫోన్ పెట్టేసి బయటికి పరుగెత్తబోయాడు. ఎటు పరుగెత్తాలో తెలియక గుమ్మంలోనే ఆగాడు. కాకినాడకి దారి ఒక్కటి కాదు. వీరదుర్గ నోరు విప్పితే ఫిన్నీ ఇంటికొస్తాడు. ఆవిడ నోరు విప్పకపోతే మా చేతిలో ఉన్నది గోరంత పెచ్చు, కాలవలో ఎక్కడో మునిగిన ఇనప గార్డు.

"నేను చేస్తాను" అంది హెలెన్.

ఎవరికి అని మేం అడగలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. మూడోసారి మోగుతుండగా ఎత్తాడు.

"అక్కా, చెప్పు."

"ఎక్కడున్నావురా?"

"ఇక్కడే, ఆసుపత్రిలో. ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఇంకా తెలివి రాలేదక్కా, డాక్టర్లు కష్టమంటున్నారు. బావ సంగతేంటి?"

ఎంత మామూలుగా చెప్పాడో! గొంతు కింద వ్యాను ఇంజను చప్పుడు మాత్రం ఆగకుండా వినబడుతూనే ఉంది. హెలెన్ కళ్ళు మూసుకుంది.

అప్పుడు వినబడింది ఇంకో గొంతు. ఆడమనిషిది, నీరసంగా ఉంది. "బాబూ, కాసిని నీళ్ళు..."

ఇంజను ఆగిపోయింది. తలుపు జరిపిన చప్పుడు. ఫోన్ కట్టయింది.

హెలెన్ మళ్ళీ కలిపింది. స్విచాఫ్. చెప్పులు కూడా తొడుక్కోకుండా మమ్మల్ని తోసుకుని జీపు వైపు నడిచింది.

"వాడు పెద్ద రోడ్డున వెళ్ళడండి, లాకుల దగ్గర కాలవ గట్టున ఆపి ఉంటాడు. చిన్నప్పట్నుంచీ ఏ తప్పు చేసినా అక్కడికే పోయి కూర్చునేవాడు" అంది. "పదండి. ఆవిడ బతికుండగానే అందుకోవాలి. వాణ్ణి నా చేతులతో నేనే మీకు అప్పజెబుతాను."